ఆ పాప ఆ రాత్రి ఏం తినింది

కడపలో పుట్టి పెరిగిన నాకు ఆలూరు తాలూకా కచేరీలో గుమాస్తా ఉద్యోగం వచ్చింది. ఆ తాలూకాను బళ్ళారి జిల్లా నుంచి విడదీసి కర్నూలు జిల్లాలో కలిపిన కొత్తరోజులవి. కచేరీలో సగం కాగితాలు కన్నడంలో ఉండేవి. నాకు కన్నడం రాదు. కాబట్టి ఎవరూ నాకు పెద్దగా పని చెప్పేవారు కాదు. పని లేనివాడికి పట్టే జబ్బే నాకూ పట్టింది. ఇతరుల నడవడి గురించి ఆలోచించడం మొదలుపెట్టాను.

ముఖ్యంగా ఆడవాళ్ళ నడవడి. పెళ్ళయి అప్పటికి ఏడాది తిరగలేదు. ఆడవాళ్ళ గురించి నాకు తెలిసింది తక్కువ, ఉన్న అభిప్రాయాలు మాత్రం చాలా గట్టివి. వాటిని ఎక్కడ వాడాలో తెలియక తిరుగుతున్న సమయంలో మద్రాసు నుంచి వచ్చే ఒక వారపత్రికలో కొత్త నవల మొదలైంది.

మేం అద్దెకున్నది ఒక రైతుల ఇంట్లో, వీధివైపు గదిలో. ఇంటికి పెద్ద ఒక అవ్వ. ఆమె మాటకు కొడుకు ఎదురు చెప్పడు, కోడలు చెప్పదు, దూడ కూడా చెప్పదు. ఎండాకాలం పొద్దు గుంకగానే వీధిలోని ఆడవాళ్ళందరూ ఆ ఇంటి కట్టమీద, అంటే వీధి అరుగుమీద, చేరేవాళ్ళు. ముంగారు వానకు వేరుశనగ విత్తనం వేయాలంటే చెనక్కాయలు ముందే ఒలిచి పెట్టుకోవాలి. చేటల్లో కాయలు పోసుకొని, లాంతరు మధ్యలో పెట్టుకొని, బొటనవేళ్ళతో టపటపా ఒలుస్తూ కూచునేవాళ్ళు. నేను ఒక మూల కూచుని పత్రిక చదువుకునేవాణ్ణి.

ఒకనాడు అవ్వ అడిగింది. "ఏమప్పా, నువ్వొకనివే సదువుకొని నువ్వొకనివే తల ఊపుకుంటాండావు. మాకూ ఇనిపిస్తే అచ్చరాలు అరిగిపోతాయా?"

అలా మొదలైంది. పత్రిక గురువారం గుంతకల్లు బస్సులో వచ్చేది. ఆ రోజు నేను చదివి పెట్టుకునేవాణ్ణి. శుక్రవారం సాయంత్రం కట్టమీద గట్టిగా చదివేవాణ్ణి. కథ రుచిగా ఉంటే టపటప ఆగిపోయేది. మరీ రుచిగా ఉంటే గింజలు పొట్టులోకి, పొట్టు గింజల్లోకి పడేవి. మగవాళ్ళు ఇటువంటివి వినరు కాబట్టి అవ్వ కొడుకు లోపల మంచం మీద నిద్రపోతున్నట్టు పడుకొని వినేవాడు. నేను గొంతు తగ్గిస్తే "ఆఁ?" అని నిద్రలోనే అడిగేవాడు.

కథ గోదావరి వైపుది. కొత్తగా పెళ్ళయిన పిల్ల పుట్టింటినుంచి అత్తగారింటికి బండిలో పోతూంటే వాన పట్టుకుంటుంది. ఏరు పొంగుతుంది. బండి ఇరుసు విరుగుతుంది. దగ్గరలో ఉన్న ఒక్కటే ఇంటికి పోయి తలుపు తడుతుంది. ఆ ఇంట్లో ఒక పడుచు డాక్టరు, అతని ముసలి తల్లి ఉంటారు. ముసలామె ఆ పిల్లకు పొడిచీర ఇస్తుంది, వేడన్నం పెడుతుంది, తన పక్కలో పడుకోబెట్టుకుంటుంది. తెల్లవారి బండి బాగై పిల్ల వెళ్ళిపోతుంది. అంతే.

ఆ భాగం చదివి నేను కలతపడ్డాను. పరాయి ఇంట్లో తడిచీర విప్పడమా? పరాయి ఇంట్లో కంచం ముందు కూచోవడమా? పడుకోవడమా? కట్టమీద పెళ్ళికాని పిల్లలు కూడా ఉంటారే. వాళ్ళ చెవుల బాధ్యత నామీద ఉన్నట్టు నాకు తోచింది. పెన్సిలు తీసుకొని చీర ఉన్నచోట ఒక గీత గీశాను. అన్నం ఉన్నచోట ఒక గీత. పడక ఉన్నచోట రెండు గీతలు. పిల్ల నిప్పులా మిగిలింది. నాకు చాలా తృప్తి కలిగింది.

చీర ఇచ్చింది ముసలామె. అన్నం పెట్టింది ముసలామె. పడుకోబెట్టుకుంది ముసలామె. ఆ మూడూ కొట్టేసేసరికి వాటితోపాటు ముసలామె కూడా కొట్టుకుపోయింది. ఆ సంగతి నాకు తట్టలేదు.

శుక్రవారం చదివాను. వాన దగ్గరే మొదటి అడ్డం వచ్చింది.

"రాత్రంతా పడిందా?" అంది అవ్వ.

"రాత్రంతా పడింది."

"ఎంత పదునైందంట?"

"అది రాయలేదు అవ్వా."

"రాత్రంతా వాన పడితే ఎంత పదునైందో రాయకుండా ఏం రాసినాడప్పా ఆయప్ప?"

"జానెడన్నా తడి దిగుంటాది," అంది ఎదురింటామె. ఆమె నాలుక వీధిలో అందరికీ తెలిసిన నాలుక. "ఏం పుణ్యం చేసుకున్నారో ఆ నాయాళ్ళు."

కాసేపు అందరూ గోదావరి నేలలమీద అసూయపడ్డారు. తరువాత పిల్ల డాక్టరు ఇంటి తలుపు తట్టింది, డాక్టరు తలుపు తీశాడు, పిల్ల లోపలికి వచ్చింది. అక్కడినుంచి నా గీతలు దాటి "తెల్లవారింది" అని చదివాను.

టపటప ఆగిపోయింది.

"తెల్లవారేదాకా ఏం చేసిందప్పా ఆ పాప?" అంది అవ్వ.

"నిలబడింది."

"రాత్రంతానా?"

"గోడకు ఆనుకొని."

"ఆవు కూడా పండుకుంటాది గదప్పా. తినిందా?"

"లేదు."

"బండిలో వచ్చిన బిడ్డ, తడిసిన బిడ్డ. ఏం తినలేదా?"

"ఏం తినలేదు," అన్నాను. ఆ పిల్ల ఉపవాసం నేనే ఉన్నంత గర్వంగా అన్నాను.

నా భార్య తలుపు పక్కన కూచుని ఒలుస్తూంది. తల ఎత్తి నావైపు చూసి మళ్ళీ దించుకుంది. ఆమె కడపలో ఐదో తరగతి దాకా చదివింది. నేను కచేరీకి పోయినాక పత్రిక చదువుతుందని నాకు తెలుసు. చదివితే అర్థమవుతుందని మాత్రం అనుకోలేదు.

తరువాతి వారం కథలో అత్తగారు కోడలి మూట విప్పింది. అందులో ఎవరిదో చీర బయటపడింది. అత్త అరిచింది, మొగుడు పిల్లను గడపలోనే నిలబెట్టి పుట్టింటికి పొమ్మన్నాడు. ఇక్కడ నేను గీత గీయలేకపోయాను. కథంతా ఆ చీరమీదే నిలబడి ఉంది.

ముందుగా ఎదురింటామె నోరు తెరిచింది.

"చీర యాడిదంట?"

నేను పత్రిక అటూ ఇటూ తిప్పాను.

"రాత్రంతా గోడకు ఆనుకొని నిలబన్నింది. తినలేదు, పండుకోలేదు. చీర మాత్రం వచ్చింది. గోడ ఇచ్చిందా?"

"మొగోడొకడే ఉన్న ఇంట్లో చీర యాడుంటాది?" అంది అవ్వ కోడలు.

"దాచిపెట్టుకోనుంటాడు."

"ఎవురికోసరం?"

ఇక ఆపడం నా వల్ల కాలేదు. ఆ పిల్లను నేను ఎంత కడిగానో అంత మురికి చేసి పెట్టానని అప్పుడు తెలిసింది. మొగుడు చేసింది న్యాయమే అన్నది వీధి. ఇట్లాంటి పిల్లను కన్నతల్లిని కూడా ఒక మాట అన్నారు. లోపలినుంచి అవ్వ కొడుకు నిద్రలోనే "తూ" అన్నాడు.

అప్పుడు నా భార్య అంది. "ఆ ఇంట్లో ముసలామె ఉండాది గదా. డాక్టరు తల్లి. ఆ చీర ఆమెదే."

అందరూ ఆమెవైపు తిరిగారు.

"ఏ ముసలామె? పోయిన వారం సదివితే ల్యాకపాయె."

"ఉండాది అవ్వా. ఆమే అన్నం పెట్టింది."

అందరూ నావైపు తిరిగారు. "ఏమప్పా, ముసలామె ఉండాదా?"

నేను ఇప్పటికీ ఆ లాంతరు వెలుతురు, ఆ చేటలు, ఆ ముఖాలు మరిచిపోలేదు. ఉంది అని ఒక్క మాటంటే పోయేది. కానీ అంతకాలం చదువుకున్నవాడిగా, కచేరీ మనిషిగా కూచున్న మూల అది. "లేదు," అన్నాను. "పుస్తకంలో లేదు."

నా భార్య మళ్ళీ ఒలవడం మొదలుపెట్టింది.

ఇంట్లోకి పోయినాక నన్ను తిట్టలేదు. సంగటి ముద్ద కంచంలో వేసి, చెనక్కాయ గింజలతో నూరిన ఊరిబిండి పక్కన పెట్టి అంది. "ఈ సంగటి ఎవురు పెట్టినారో బాగా చూసుకోండి. రేపు అడిగితే లేదంటారు."

"వీధిలో నా పరువు..." అన్నాను.

"దానికీ పెడదునా రెండు ముద్దలు?"

ఆ వారంలో ముసలామె మా వీధిలో ఒక వేళాకోళం అయింది. అటకమీది బెల్లం తగ్గితే ముసలామె తినింది. కోడలు నీళ్ళకు పోయి ఆలస్యంగా వస్తే దారిలో ముసలామె కనపడింది. నవ్వు నాకు కూడా వచ్చేది. నవ్వాను కూడా. దానికి ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.

అయితే నవ్వు అక్కడితో ఆగలేదు. లేని ముసలామెను ఒక ఆడమనిషి ఎందుకు పుట్టించింది అని ఎదురింటామెకు సందేహం వచ్చింది. చెడిపోయినదాన్ని ఎవరు వెనకేసుకొస్తారు? ఆలోచించగా ఆమెకు ఒక సంగతి గుర్తొచ్చింది. ఉగాదికి పుట్టింటికి పోయిన నా భార్య తిరిగి వస్తూ గుంతకల్లులో రైలు దిగి బస్సెక్కింది. చిప్పగిరి దగ్గర బస్సు చెడిపోయింది. మరునాడు మధ్యాహ్నం గానీ ఆలూరు చేరలేదు.

బావి దగ్గర అడిగింది. "అవును కడపమ్మా, ఆ పొద్దు బస్సు చెడిపోతే నువ్వు యాడ పండుకుంటివి?"

"కండక్టరు వాళ్ళింట్లో. ఊరు ఆ పక్కనే."

"ఎవురెవురుండిరి?"

"కండక్టరు పెండ్లాం, పిల్లోళ్ళు, వాళ్ళమ్మ, ఒక మేక."

"వాళ్ళమ్మ! ఈడ కూడా ముసలామె ఉండాదా!"

బావి దగ్గర అందరూ నవ్వారట. నా భార్య "కావాలంటే మేకను పిలిపించి అడుగు" అని కడవ ఎత్తుకొని వచ్చేసింది. ఈ సంగతి ఆమె నాకు చెప్పలేదు. కచేరీలో జవాను చెప్పాడు. అతనికి వాళ్ళావిడ చెప్పింది. చెబుతూ అతను మేక దగ్గర నవ్వాడు. నేను నవ్వలేదు. మొదటిసారి నాకు మేక చాలా ముఖ్యమైన సాక్షిగా కనిపించింది.

ఆ ఆదివారం అవ్వ మనవరాలికి శ్రీమంతం. కడుపుతో ఉన్న పిల్లను పీటమీద కూచోబెట్టి ముత్తైదువలు ఒడిలో బియ్యం, కొబ్బరిచిప్పలు, ఖర్జూరాలు నింపుతారు. నా భార్యను కూడా ఒడి నింపడానికి ముందే పిలిచారు. కొత్త ఊళ్ళో అది ఆమెకు మొదటి పిలుపు. పెళ్ళిచీర పెట్టెలోనుంచి తీసి నీడలో ఆరేసి, మడిచి మంచంమీద పెట్టుకుంది.

గురువారం నేను ఇంటికి వచ్చేసరికి ఆ చీర మళ్ళీ పెట్టెలోకి పోతూంది.

"ఏమైంది?"

"అవ్వ పిలిచి చెప్పింది. ఈసారికి కూచోని చూడమ్మా, ఒడి వాళ్ళు నింపుతారు అని." పెట్టె మూత వేసింది. "ఆమె తప్పు లేదు. నలుగురూ నాలుగు మాటలంటారని భయపడింది. మనవరాలి కడుపు గదా."

నేను నిలబడి ఉన్నాను. గోడకు ఆనుకొనే.

"ఆ పొద్దు చిప్పగిరిలో నేను ఏం తిన్నానో మీరు ఒక్కసారైనా అడిగినారా?" అంది.

అడగలేదు. ఆ రోజు ఆమె బస్సు దిగగానే నేను అడిగింది సామాన్లన్నీ వచ్చాయా అని.

"ఏం తిన్నావు?"

"జొన్నరొట్టె, ఉల్లిగడ్డ. వాళ్ళకే చాలకుండె. నాకు రొట్టె పెట్టి ఆ ముసలామె మజ్జిగ తాగి పండుకునింది." కొంచెం ఆగి అంది. "ఆమె కూడా లేదంటారా?"

ఆ పూట పత్రిక వచ్చింది కానీ విప్పలేదు. పెన్సిలు గీతలున్న పాత పత్రికను మాత్రం బయటికి తీసిపెట్టాను.

శుక్రవారం సాయంత్రం కట్టమీదికి పోయాను. ధైర్యంగా పోయానని చెప్పుకోవాలని ఉంది. నిజానికి దారి పొడుగునా, అంటే గదినుంచి కట్టదాకా, ఒక అబద్ధం తయారు చేసుకుంటూ పోయాను.

"పొరపాటు జరిగిందవ్వా. అప్పుడు చదివిన భాగంలో రెండు పేజీలు అతుక్కుపోయి ఉన్నాయి. ఇప్పుడు చూసుకున్నాను."

అవ్వ నన్ను చాలాసేపు చూసింది. "ఆ గోదావరి వానకు తడిసినాయా?"

లోపలి మంచంమీదనుంచి కూడా నవ్వు వినిపించింది. నా భార్య ఒక్కతే నవ్వలేదు. ఆమె చేటవైపు చూసుకుంటూ ఉంది. ఇంకొక అబద్ధం కోసం వెతికాను. దొరకలేదు. అందుకే నిజం చెప్పాను.

"నేనే కొట్టేసినానవ్వా. ముసలామె ఉంది. చీర ఆమె ఇచ్చింది. పక్కలో ఆమె పడుకోబెట్టుకుంది. ఆడపిల్లలు వినేదానికి బాగుండదని నేను చదవలేదు. మొన్న మా ఆమె చెప్పింది నిజం. నేను లేదన్నది అబద్ధం."

టపటప లేదు. ఇక తిట్లు మొదలవుతాయని తల వంచుకున్నాను.

"అట్లయితే," అంది అవ్వ నిదానంగా, "ఆ పాప తినిందా?"

"తినిందవ్వా."

"ఏం తినింది? సదువు."

పాత పత్రిక లాంతరు దగ్గరికి జరుపుకొని నా గీతల కిందినుంచి చదివాను. ఆవిరి పోయే అన్నం. ముద్దపప్పు. కొత్తావకాయ. పేరిన నెయ్యి కరిగి అన్నంలో దిగిపోయింది. చివర గడ్డపెరుగు.

"వరన్నమేనా?"

"వరన్నమే."

"మళ్ళా సదువు. నెయ్యి కాన్నించి."

మళ్ళీ చదివాను. ఎదురింటామె ముక్కు చీదుకుంది. రెండు వారాలుగా ఆ పిల్ల పస్తు ఉందనే బాధ వాళ్ళను తింటూ ఉందని, చీర సంగతి ఆ తరువాతదేనని నాకు అప్పుడే తెలిసింది. మూడోసారి అవ్వ కొడుకు బయటికి వచ్చి చదవమన్నాడు. ఆవకాయలో వెల్లుల్లి వేశారా అని అడిగాడు. అది రాయలేదన్నాను. "నువ్వే కొట్టేసుంటావు," అన్నాడు.

తరువాత నా విచారణ జరిగింది.

"చీర లేకుండ తడిబట్టలో నిలబెట్టినావు," అంది ఎదురింటామె. "బువ్వ ల్యాకుండ పస్తు పెట్టినావు. ఏమప్పా, ఆ పాప నీకేం చేసింది?"

"మంచిదనిపించాలని..."

"తింటే చెడిపోతాదా? నువ్వు తింటల్యా?"

అవ్వ చెయ్యెత్తింది. అందరూ ఆగారు. ఆమె తన ముందున్న గంపను కాలితో నావైపు తోసింది. గంపనిండా చెనక్కాయలు.

"ఇంగ నువ్వు ఒలుస్తాండు. ఆయమ్మ సదువుతాది. మాకు కొట్టేసి సదివేటోళ్ళు వద్దు." నా భార్యవైపు తిరిగింది. "ఏమ్మా, ఆ పెండ్లిచీర పెట్టెలో పెట్టేస్తివా?"

"పెట్టేస్తినవ్వా."

"తీ. ఆదివారం మొదుట నువ్వే నింపాల. ముసలిదాన్ని, ఏదో అంటి. మనసులో పెట్టుకోవద్దు." ఎదురింటామెవైపు కూడా ఒక చూపు చూసింది. ఆమె చేటలో పొట్టు ఊదుకుంటూ, "నేనేమంటి? మేకని అడుగుతామంటి, అంతే గదా," అని గొణిగింది.

"నువ్వు అనలే. నేనంటి," అంది నా భార్య.

శ్రీమంతం రోజు మొదటి దోసిలి బియ్యం నా భార్యే పోసింది. మగవాళ్ళం పంచలో కూచుని ఉన్నాం కాబట్టి నేను చూడలేదు. నా బొటనవేళ్ళు రెండూ బొబ్బలెక్కి లడ్డు కూడా సరిగ్గా పట్టుకోలేకపోయాను.

ఆ ఎండాకాలమంతా ఆమె చదివింది, నేను ఒలిచాను. నాకంటే ఆమె బాగా చదివేది. అత్త మాటలు అత్తలా, డాక్టరు మాటలు డాక్టరులా చదివేది. వాన వచ్చిన చోట ఆగి, "పదును రాయలేదు" అని ముందే చెప్పేసేది. నేను ఒలిచిన గింజల్లో సగం పప్పులుగా విడిపోయేవి. విత్తనానికి పనికిరావని అవ్వ వాటిని వేరే పెట్టి మా ఇంటికే పంపేది. చాలా రోజులు అదే ఊరిబిండి తిన్నాం.

ముంగారు ఇంకా రాకముందే నవల ఆఖరి భాగం వచ్చింది. గురువారం నేనూ చదివాను, ఆమె కూడా చదివింది. మేం దాని గురించి ఏమీ మాట్లాడుకోలేదు. అందులో మొగుడికి నిజం తెలుస్తుంది. పిల్ల పుట్టింటికి వచ్చి, "నిన్ను క్షమించాను" అంటాడు. పిల్ల అతని పాదాలమీద పడి కన్నీళ్ళతో కడుగుతుంది. సమాప్తం. ఏడాది కిందటైతే దానికి నేను తల ఊపేవాణ్ణి.

శుక్రవారం ఆమె చదువుతూ మొగుడు గడపలోకి వచ్చే దాకా వచ్చింది. "నిన్ను క్షమించాను" అని అతని మాట అతని గొంతుతో చదివింది. ఒక క్షణం ఆగింది. తరువాత, కళ్ళు పుస్తకంమీదే ఉంచి, ఇలా చదివింది.

"అప్పుడా పిల్ల పీట వాల్చి, 'ముందు కూచోని తిను,' అనెను. అతడు తినెను. తిన్న తరువాత ఆ పిల్ల, 'నేనేం తప్పు చేసినానని నువ్వు నన్ను క్షమించేది? ఆ రాత్రి నేను తిన్నానా లేదా అని అడగనోనివి. నాకు బుద్ధి పుట్టినప్పుడు వస్తా. అంతదాకా నువ్వే వచ్చి పోతాండు,' అనెను."

కట్టమీద అందరూ ఒక్కసారి ఊపిరి వదిలారు. "అట్ల సెప్పు," అంది ఎదురింటామె. అవ్వ కోడలు తన మొగుడివైపు చూసింది. ఆయన వెంటనే నిద్రపోయాడు.

అవ్వ మాత్రం ఒలవడం ఆపి ఆలోచిస్తూంది. నావైపు తిరిగింది.

"ఏమప్పా, నువ్వూ సదివింటావు గదా. అట్లనే ఉండాదా పుస్తకంలో?"

లాంతరు అదే, చేటలు అవే. నా భార్య తల ఎత్తలేదు. పత్రిక పట్టుకున్న వేళ్ళు మాత్రం కదలకుండా ఉన్నాయి.

"అట్లనే ఉందవ్వా," అన్నాను. "అక్షరం తేడా లేదు."

"గోదావరి పిల్ల గదా. మన మాట్లు యాడ నేర్చుకునింది?"

"ముసలామె నేర్పింది."

అవ్వ నన్నొకసారి, నా భార్యనొకసారి చూసింది. పెదవులు బిగించుకొని, "అయినా అయింటాది," అని మళ్ళీ ఒలవడం మొదలుపెట్టింది. టపటప కట్టంతా పాకింది. నా తప్పులన్నీ తలుచుకునేటప్పుడు ఆ అబద్ధం దగ్గర నేను ఎప్పుడూ ఆగలేదు.

నా భార్య ఇంకా కథ ఉన్నట్టే పేజీ తిప్పింది. అక్కడ తలనూనె ప్రకటన ఉంది.